అత్తగారి వైపు ఒరిగిన ఆల్టో

మా ఆల్టో 800 టైర్లు నా తలతో పోటీపడి గుండైపోయాయి. జూన్‌లో బెజవాడకి తొలి వాన పడింది. బ్రేకు నేను ఒకచోట వేస్తే బండి దానికి నచ్చిన ఇంకోచోట ఆగింది. "ఇంక మార్చేయండి" అంది మా ఆవిడ. తల సంగతి కాదు, టైర్ల సంగతే.

పాత టైరు మీద 145/80 ఆర్12 అని ఉంది. 145 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో 80 శాతం. 12 అంటే రిమ్ము, అంగుళాల్లో. ముగ్గురు లెక్కల మాస్టార్లు ఒకరితో ఒకరికి మాటల్లేకుండా ఒకే టైరు మీద కూర్చుని రాసినట్టుంది. ఆర్ అంటే రేడియస్ అని పదేళ్లుగా నమ్ముతున్నాను. కాదట, రేడియల్.

ఏడాది పొడుగునా పనికొచ్చే టైరు ఏదని మినియాపొలిస్‌లో ఉన్న మా పెదనాన్నగారబ్బాయిని అడిగాను. "ఆల్ సీజన్ తీసుకోరా, టైరు పక్కగోడ మీద కొండా, మంచు రేకూ ఉన్న గుర్తు ఉందో లేదో చూసుకో" అన్నాడు. బెజవాడలో మంచు దొరికేది ఐస్‌గోలా బండి దగ్గరే. మాకున్న సీజన్లు ఎండలు, వానలు, పెళ్లిళ్లు.

అప్పుడు దిగాడు మా బావమరిది. "చీపురుపుల్లల్లాంటి టైర్లేంటి బావా! లావువి వేయించు, వానలో గ్రిప్పు అదిరిపోద్ది" అన్నాడు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద లావు టైరే ముందుగా తేలుతుందనీ, సన్నటిది నీటిని కోసుకుంటూ పోతుందనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ లోపే ఆటోనగర్‌లో బేరం అయిపోయింది. సెకండ్‌హ్యాండ్ అల్లాయ్‌ చక్రాలు నాలుగు, వాటికి 175/70 ఆర్13 టైర్లు. పక్కన 2319 అని ఉంటే మోడల్ నంబరన్నాడు. 2019లో 23వ వారం తయారైన సరుకని దాని అర్థం.

ఆదివారం అత్తగారితో సహా మంగళగిరి పానకాల స్వామి దర్శనానికి బయలుదేరాం. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక టైరు పైనున్న రేకుని గీరుతూ కర్‌ర్‌మంటోంది. "ఎవరే అప్పడాలు నములుతున్నది?" అన్నారు అత్తగారు. హైవే మీద నేను మర్యాదగా 60లోనే పోతున్నాను. మీటరు ప్రకారం. పెద్ద చక్రం కదా, ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అసలు వేగం 64 దగ్గర ఉండి ఉంటుంది.

కాసేపటికి ఎడమ వెనక టైరు పంక్చరైంది.

డిక్కీలోంచి స్టెప్నీ తీశాక గానీ వెలగలేదు, అది పాత 145/80 ఆర్12 అని. పెద్ద టైరు పక్కన నిలబెడితే అన్న పెళ్లిలో తోడపెళ్లికొడుకులా ఉంది. ఎత్తులో దాదాపు నాలుగు సెంటీమీటర్లు తేడా. చేసేదేముంది, బిగించాం. బండి ఆ మూలకి రెండు సెంటీమీటర్లు కిందకి దిగింది. ఆ మూలనే అత్తగారు కూర్చున్నారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"అల్లుడుగారూ, బండి నా వైపు ఒరిగిందేంటి?"

"రోడ్డే అలా ఉందండీ."

"ఇందాకా లేదే. నేను గానీ ఒళ్లు చేశానా?"

"కొంచెం అక్కయ్య వైపు జరుగు అమ్మా, సరిపోద్ది" అన్నాడు ముందు సీట్లోంచి బావమరిది. ఆ రోజు స్వామివారికి పానకం పోసినంతసేపూ ఆవిడ వాడి ముఖం చూడలేదు.

మర్నాడు టైర్ల షాపు కుర్రాడు నా కథంతా ఓపిగ్గా విని, డ్రైవర్ వైపు తలుపు తీసి, లోపల అంచున అంటించిన స్టిక్కర్ మీద వేలు పెట్టాడు. ఏ సైజు వేయాలో, ఎంత గాలి పట్టాలో అన్నీ ఉన్నాయి. ఆ తలుపు నేను రోజూ తీసేదే. "అందరూ ఇంతే సార్" అన్నాడు. అది ఓదార్పో వెక్కిరింపో తేల్చుకోలేకపోయాను.

పాత రిమ్ములకే కొత్త 145/80లు వేయించాను. అల్లాయ్‌లు మేడ మీద ఉన్నాయి. ఒకదానిలో మా ఆవిడ కొత్తిమీర వేసింది. ఇప్పుడు స్టెప్నీతో కలిపి అయిదూ ఒకే సైజు. అయినా అత్తగారు బండెక్కే ముందు ఎడమ వెనక టైరుని ఓసారి కాలితో తట్టి చూసి, చుట్టూ తిరిగొచ్చి కుడివైపు ఎక్కుతున్నారు.