ట్యాంకు మూతగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హాస్టల్ ట్యాంకు మూతగారి సముఖమునకు,

బ్లాకులో మలేరియా కేసులు పెరిగాయని ఈరోజు నోటీసు అంటించారు. అందులో తమరి ఊసే లేదు. గదులు శుభ్రంగా ఉంచుకోవలెనట, తడిబట్టలు వరండాలో ఆరవేయరాదట. దోమ వల్లే మలేరియా అని 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మరీ తేల్చాడు. ఆయన తడి తువ్వాళ్లు వెతికినట్టు ఎక్కడా లేదు.

తమరు "సోమవారం" వేంచేస్తారని ఆఫీసువారు సెలవిచ్చారు. ఏ నెల సోమవారమో చెప్పలేదు.

ప్రస్తుతానికి తమరి స్థానంలో ఒక పాత ఫ్లెక్సీ, రెండు ఇటుకలు ఇన్‌చార్జిగా ఉన్నాయి. ఫ్లెక్సీ నడుమ కుంగి వాననీళ్లు పట్టింది కాబట్టి ఇప్పుడు ట్యాంకు మీద ఇంకో ట్యాంకు. అంచుల్లో వేలు దూరేంత సందు. టార్చి వేస్తే నీటిపైన అడ్డంగా పడుకుని తేలే దోమ పిల్లపురుగులు కనిపిస్తాయి. తలకిందులుగా వేలాడితే మలేరియా మోయని క్యూలెక్స్ దోమలనుకుని ఊరుకునేవాళ్లం. ఇవి మలేరియా మోసే అనాఫిలిస్. వెచ్చటి రోజుల్లో గుడ్డుకు రెక్కలు రావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి గోడలు రుద్ది కడగమనేది. కడిగాక తమరు సందు లేకుండా బిగుసుకు కూర్చోవాలి. ఓవర్‌ఫ్లో పైపుకూ గాలిగొట్టానికీ సన్నజాలీ కట్టాలి. అది మరిస్తే తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి పడుకున్నట్టే.

దోమల మందు కొట్టే పొగబండి వచ్చింది లెండి, మిట్టమధ్యాహ్నం. రాత్రి కుట్టే దోమ ఆ వేళ మంచం కింద కునుకు తీస్తుంటుంది. నీళ్లలో పిల్లపురుగులకు ఆ పొగ సోకనే సోకదు. ఫొటో మాత్రం బాగా వచ్చింది.

దోమతెరలు ఇచ్చారు, కట్టుకోవడానికి మంచాలకు కర్రల్లేవు.

ఇక జ్వరమంటే పారాసిటమాల్. అది ఒంటి వేడి దించుతుంది, పరాన్నజీవి జోలికి పోదు. వైవాక్స్ రకం మలేరియా రోజు విడిచి రోజు వణికిస్తుంది కాబట్టి, మధ్య రోజున "తగ్గిందిగా, పరీక్ష రాయి" అంటారు. వేలి నుంచి చుక్క రక్తం తీస్తే పావుగంటలో తేలే విషయం! వైవాక్స్ అని తేలినవాళ్లు మూడు రోజుల క్లోరోక్విన్ మాత్రలతో లేచి కూర్చుని, 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు మానేస్తారు. కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది. ప్రైమాక్విన్‌కు ముందు జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష చేయాలి, లేకుంటే కొందరికి ఎర్రకణాలు పగిలిపోతాయి. చేసేదెవరు?

ఇవన్నీ తమరి శాఖ కాదు, తెలుసు. కానీ జ్వరంతో తిరిగే ఒకడి రక్తం తాగి, పది పన్నెండు రోజులకు పక్క మంచం వాణ్ని కుట్టే దోమ పుట్టింది తమరు లేని చోటే కదా! ఒక్క ప్లాస్టిక్ మూత. దానికి కొటేషన్లు, కమిటీ, సంతకాలు. ఫాల్సిపారం రకం మలేరియా వస్తే ప్రాణమే పోవచ్చు, అప్పుడు ఎవరి సంతకం అడగాలి? సిగ్గుండాలి.

క్షమించాలి, తమరిని కాదు.

దయచేసి ట్యాంకు మూతి కొలత చూసుకుని రండి. పోయినసారి వచ్చినాయన రెండంగుళాలు చిన్న. లోపల పడిపోయారు, ఇంకా తీయలేదు.

ఇట్లు,
పై అంతస్తు జ్వరపీడితులు