రంగు పడని బొమ్మకు అంత రేటా?

(ఓహాయో రాష్ట్రం, సిన్సినాటి. డైనింగ్ టేబుల్ మీద మూడు రంగుల ప్లాస్టిక్ మనిషి ఒకడు. మరిది కొన్నాడు. వదిన ఆడిటర్.)

వదిన: నాలుగు నెలల కారు లోన్ కట్టొచ్చు దీంతో! ఒళ్లు బూడిద రంగు, కాళ్లు నీలం, మొహాన కళ్లు కూడా లేవు.

మరిది: అదే దాని గొప్ప, వదినా. దీన్ని ఫస్ట్ షాట్ అంటారు. కొత్త స్టీలు అచ్చు సరిగ్గా పనిచేస్తోందా అని చూడ్డానికి పోసిన బొమ్మ. ఏ ప్లాస్టిక్ ఉంటే అది పోసేస్తారు. కాలి వెనక చూడండి, షాపు బొమ్మకుండే కాపీరైట్ గుర్తు కూడా ఇంకా పడలేదు.

వదిన: గుర్తు లేనిదానికి ఎక్కువ రేటా? మా ఆఫీసులో ఇలాంటిది కనిపిస్తే ముందు ఫైలు తెరుస్తాం.

మరిది: ఇది 1985లో వచ్చిన 'డ్రాయిడ్స్' కార్టూన్‌ది. స్టార్ వార్స్ కథలోని రోబోలతో ఏబీసీ టీవీలో వేశారు. బొమ్మలు చేసింది కెన్నర్, మన ఊరి కంపెనీయే. మొదటి విడతలో 12 బొమ్మలు వచ్చాయి. సరిగా అమ్ముడుపోలేదు, రెండో విడత ఆపేశారు. అందులోని వ్లిక్స్ అనే విలన్ అమెరికా షాపుల మొహమే చూడలేదు. చివరికి 1988లో బ్రెజిల్‌లో గ్లాస్‌లైట్ అనే కంపెనీ అమ్మింది. రెండో విడతలోని మిగతావాళ్లు ప్రోటోటైపుల్లోనే, అంటే అమ్మకానికి ముందు చేసే నమూనాల్లోనే మిగిలారు. అవి దాచకపోతే ఆ బొమ్మలు ఎలా ఉండేవో ఎవరికి తెలుస్తుంది?

వదిన: దాచడం సరే. కంపెనీ సరుకు బయటికెలా వచ్చింది?

మరిది: ఉద్యోగులు ఇళ్లకు తీసుకెళ్లారు. కొన్ని చెత్తలోకి పోవాల్సినవి. కెన్నర్‌ను కొనేసిన హాస్‌బ్రో కంపెనీ 2000లో ఇక్కడి ఆఫీసు మూసేసింది. వాళ్లు తీసుకెళ్లకపోతే ఇవన్నీ ఏమయ్యేవో!

వదిన: తీసుకెళ్లారు అంటున్నావు, ఇచ్చారు అనడం లేదు.

మరిది: ...కొందరికి ఇచ్చారు కూడా.

వదిన: ఆ కాగితం ఉందా?

మరిది: నలభై ఏళ్ల కిందటి బొమ్మకు కాగితమేంటి వదినా! 2024లో స్టార్ వార్స్ సినిమాలోని బోబా ఫెట్ బొమ్మ, రాకెట్ పేల్చేది, దాని ప్రోటోటైప్ వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది.

వదిన: అది సినిమా బొమ్మ. దాని రేటు చెప్పి దీన్ని సమర్థించకు. బంగారం ధర చెప్పి ఇత్తడి అమ్మినట్టుంది. నకిలీ అయితే ఎలా తెలుస్తుంది, అది చెప్పు.

మరిది: (హుషారుగా) అడిగారూ! రెసిన్‌వి, అంటే పోశాక గట్టిపడే ద్రవంతో చేసినవి ఉంటాయి, హార్డ్‌కాపీలంటారు. స్టీలు అచ్చులో ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. అందుకని శిల్పి మైనపు బొమ్మను రవ్వంత పెద్దగా చెక్కుతాడు. దానిమీద సిలికాన్ అచ్చు తీసి రెసిన్ పోస్తే హార్డ్‌కాపీ. అది షాపు బొమ్మకన్నా వెంట్రుకవాసి పెద్దగా ఉంటుంది. ఎవడైనా షాపు బొమ్మ మీద అచ్చు తీసి దొంగ సరుకు పోశాడనుకోండి, చిన్నగా వస్తుంది. వెర్నియర్ పెడితే దొరికిపోతాడు.

వదిన: అసలు హార్డ్‌కాపీ మీదే అచ్చు తీస్తే?

మరిది: అప్పుడు... కష్టమే. ఎవరి చేతులు మారి వచ్చిందో ఆ కథే ఆధారం.

వదిన: అంటే నువ్వు కొనేది బొమ్మను కాదు, కథను.

మరిది: మైనంలో వేలిముద్ర ఉంటే రెసిన్‌లోనూ పడుతుంది వదినా. రంగు వేసిన బొమ్మలో అది ఎక్కడ కనిపిస్తుంది? చేసినవాడు ఎక్కడ చెక్కాడో, ఎక్కడ మనసు మార్చుకున్నాడో తెలుస్తుంది. నాకు కావాల్సింది అది.

వదిన: (బొమ్మను దీపం కిందికి తిప్పి) సరే, మెడ దగ్గర గీత బాగుంది, ఒప్పుకుంటా. ఇంతకీ వచ్చే వారం కొంటానన్న ఆ రెసిన్‌ది కొలిచావా?

మరిది: అమ్మేవాడు ఫొటోలో స్కేల్ పెట్టాడు.

వదిన: బొమ్మకు ఆనించి పెట్టాడా?

మరిది: (ఫోన్ తీసి, కాసేపు పెద్దది చేసి చూసి) ...కొంచెం వెనక పెట్టినట్టున్నాడు వదినా.