ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ లాటరీ ఫిక్సింగేనా? ఒక్కో ఆరోపణకూ జవాబు

ఏటా మే నెల దగ్గరపడగానే ఐస్ హాకీ అభిమానుల్లో ఒక మాట మళ్లీ లేస్తుంది: "ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ లాటరీ పెద్ద మోసం. ఏ కుర్రాడు ఏ జట్టుకి పోవాలో లీగ్ పెద్దలు ముందే తేల్చేస్తారు, బంతుల యంత్రం ఉత్త నాటకం." ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడాల్లోని పెద్ద ఐస్ హాకీ లీగ్. డ్రాఫ్ట్ అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం, ఎవరి వంతు ముందో తేల్చేది లాటరీ. అక్కడ హాకీ చూసే మన తెలుగువాళ్లు కూడా ఈ మాటని నమ్మకంగా పంచుకుంటున్నారు. కింద కొన్ని రుజువులూ జతచేస్తున్నారు.

నేను డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అభిమానిని. 2017లో మాకు ఎంపికలో ఏడో స్థానం రావాల్సింది, తొమ్మిదికి జారాం. 2018లో ఐదు నుంచి ఆరుకి, 2019లో నాలుగు నుంచి ఆరుకి, 2020లో మొదటి స్థానం నుంచి నాలుగుకి పడ్డాం. 2025 దాకా ఈ లాటరీ మమ్మల్ని ఒక్కసారి కూడా పైకి జరపలేదు. కాబట్టి లీగ్‌ని వెనకేసుకురావాల్సిన అవసరం నాకు లేదు. కానీ ఆ రుజువులు ఒక్కొక్కటీ తీసి చూస్తే నిలబడటం లేదు.

ముందు డ్రా ఎలా జరుగుతుందో చెప్పుకుందాం. సీజన్లో ప్లేఆఫ్స్‌కి, అంటే చివరి నాకౌట్ పోటీలకి, చేరని జట్లకి ఈ లాటరీ. ఎంత అడుగున ఉంటే అంత ఎక్కువ అవకాశం. యంత్రంలో 1 నుంచి 14 దాకా అంకెలున్న బంతులు వేసి నాలుగు తీస్తారు. ఏ వరసలో వచ్చినా ఒకటే అనుకుంటే 14 బంతుల్లోంచి నాలుగు రావడానికి 1,001 రకాలున్నాయి. ఒకటి పక్కన పెట్టి మిగతా 1,000 జట్లకి పంచుతారు. 11.5 శాతం అవకాశం ఉన్న జట్టుకి 115 కలయికలు, 3.5 శాతం ఉన్న జట్టుకి 35. ఏవి ఎవరివో యంత్రం తిరగకముందే ఖరారవుతుంది.

ఇది 1995లో మొదలైంది. అంతకుముందు చివరి జట్టుకే మొదటి ఆటగాడు. దాంతో కావాలనే ఓడిపోయే జబ్బు పట్టుకుంది. 1984లో మారియో లెమ్యూ కోసం పిట్స్‌బర్గ్ మీద, 1993లో అలెగ్జాండర్ డైగ్ల్ కోసం ఒటావా మీద ఆ నింద పడింది. ఆ జబ్బుకి మందుగా వచ్చిందే లాటరీ.

"ఎడ్మంటన్‌కి ఆరేళ్లలో నాలుగుసార్లు మొదటి ఆటగాడు దొరికాడు. ఇది మామూలుగా జరిగే పనేనా?"

ఎక్కువమంది చూపించేది ఇదే. 2010లో టేలర్ హాల్, 2011లో ర్యాన్ న్యూజెంట్ హాప్కిన్స్, 2012లో నేల్ యాకుపొవ్, 2015లో కానర్ మెక్‌డేవిడ్. నలుగురూ ఎడ్మంటన్ ఆయిలర్స్‌కే వెళ్లారు.

కానీ 2011లో లాటరీ గెలిచింది ఎడ్మంటన్ కాదు, న్యూజెర్సీ డెవిల్స్. అప్పట్లో లాటరీ గెలిచిన జట్టు నాలుగు స్థానాలకి మించి పైకి జరగకూడదనే నిబంధన ఉండేది. న్యూజెర్సీ ఎనిమిది నుంచి నాలుగుకి వచ్చి ఆగిపోయింది. అట్టడుగున ఉన్న ఎడ్మంటన్ తన చోటే తాను ఉండిపోయింది. 1995లో జరిగిన మొట్టమొదటి లాటరీలోనూ ఇంతే: గెలిచిన లాస్ ఏంజెలిస్ ఏడు నుంచి మూడుకి వచ్చింది, మొదటి ఆటగాడు ఒటావాకే పోయాడు. "నాలుగు లాటరీలు గెలిచింది" అని పంచుకునేవాళ్లు ఈ ఒక్క విషయం చూసుకోవాల్సింది.

ఇక లెక్క. ఆ నిబంధన వల్ల ఆ రోజుల్లో చివరి జట్టుకి మొదటి స్థానం నిలబెట్టుకునే అవకాశం 48.2 శాతం. 2010లో, 2011లో ఎడ్మంటన్ చివరి జట్టే. 2012లో కింది నుంచి రెండోది, 18.8 శాతం. 2015లో కింది నుంచి మూడోది, 11.5 శాతం. నాలుగూ గుణిస్తే సుమారు 0.5 శాతం, అంటే రెండు వందల్లో ఒకటి. అరుదే, కాదనను. అయితే ఈ గుణకారం మనం అంతా జరిగిపోయాక చేస్తున్నాం, పెళ్లయ్యాక ముహూర్తం వెతికినట్టు. ముప్పై జట్లు, ఇన్నేళ్ల డ్రాలు ఉన్నప్పుడు రెండు వందల్లో ఒకటి లాంటిది ఎక్కడో ఒకచోట పడకపోతేనే వింత. అది పడ్డాక ఆ జట్టునీ ఆ ఆరేళ్లనీ మాత్రమే కత్తిరించి చూపిస్తున్నారు. ఆ పక్క ఏడాది, 2016లో, అదే ఎడ్మంటన్ రెండో స్థానం నుంచి నాలుగుకి పడిపోయిన సంగతి ఎవరూ రాయరు.

అదృష్టం సంగతి అలా ఉంచండి. ఇన్నిసార్లు అట్టడుగున ఉండటం లాటరీ చేసిన పని కాదు. అది ఆ జట్టు యాజమాన్యం చేతకానితనం. అంత చెత్తగా ఆడినవాళ్లకి వరసగా బహుమతి దక్కడం నాకూ మంటే. లీగ్‌కీ అది తప్పనిపించినట్టుంది. ఐదేళ్లలో రెండుసార్లకి మించి ఏ జట్టూ లాటరీ గెలవకూడదనే నిబంధన 2022 నుంచి పెట్టారు. ఫలితాలు తమ చేతిలోనే ఉన్నవాళ్లకి అలాంటి నిబంధనతో పనేముంది?

"అట్టడుగు జట్టుకి మొదటి స్థానం ఎప్పుడూ రాదు."

ఇది పూర్తిగా తప్పు. 2015 నుంచి 2025 దాకా 11 డ్రాలు జరిగాయి. 2016లో టొరంటో, 2018లో బఫెలో, 2021లో మళ్లీ బఫెలో, 2022లో మాంట్రియల్, 2024లో శాన్ హోసే. ఐదుసార్లు చివరి జట్టే మొదటి ఆటగాణ్ణి తీసుకుంది. ఆయా ఏళ్లలో చివరి జట్టుకున్న అవకాశాలు 16.6 నుంచి 25.5 శాతం మధ్య ఉన్నాయి. అన్నీ కలిపితే రావాల్సింది రెండు, మహా అయితే మూడుసార్లు. వచ్చింది ఐదు. అంటే చివరి జట్లకి న్యాయంగా రావాల్సినదానికంటే ఎక్కువే వచ్చింది. ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే అవకాశం ఆరు శాతం దాకా ఉంటుంది కాబట్టి ఇందులోనూ కుట్ర ఏమీ లేదు. ఎడ్మంటన్ లెక్కని కుట్రకి రుజువంటున్నవాళ్లు ఈ లెక్క చూసి "లీగ్ పేద జట్లకి దొంగచాటుగా సాయం చేస్తోంది" అని కూడా అనాలి మరి. ఎవరూ అనరు.

మరి ఈ మాట ఎందుకు అతుక్కుంది? 2016 నుంచి 2020 దాకా మొదటి మూడు స్థానాలకీ డ్రా తీసేవారు. అందువల్ల చివరి జట్టు నాలుగో స్థానానికి పడే అవకాశం సుమారు సగం. ఆ ఐదు డ్రాల్లో అలా మూడుసార్లు జరిగింది: 2017లో కొలరాడో, 2019లో ఒటావా (ఒటావా వంతులో ఎంచుకునే హక్కు అప్పటికే కొలరాడో చేతికి పోయింది), 2020లో మా డెట్రాయిట్. సగం అన్న చోట ఐదింట మూడు. ఆ రోజు నాకెంత కడుపు మండినా, అవకాశాల పట్టికలో రాసి ఉన్నదే జరిగింది. 82 ఆటల్లో 48 పాయింట్లే తెచ్చుకున్న కొలరాడో 2017లో నాలుగో స్థానంలో కేల్ మకార్‌ని తీసుకుంది. 2022లో ఆ కుర్రాడితోనే లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచింది.

పట్టిక మరీ కఠినంగా ఉందన్నది న్యాయమైన విమర్శ. 2021 నుంచి డ్రాలు రెండుకి తగ్గించారు. ఇప్పుడు చివరి జట్టు మూడో స్థానం కంటే కిందికి పడదు.

"డబ్బు ఎక్కడుంటే స్టార్ అక్కడికే. చికాగోకి బెడార్డ్, న్యూయార్క్‌కి లఫ్రెనియేర్, చూడండి."

ఈ కథ నిజమైతే ముందు ఆరిజోనా గురించి చెప్పాలి. ఎడారిలో హాకీ నిలబెట్టాలని లీగ్ పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు. ఆ జట్టు దివాలా తీస్తే 2009లో లీగే కొని, 2013 దాకా స్వయంగా నడిపింది. 2015లో మెక్‌డేవిడ్ కోసం జరిగిన డ్రాలో ఆరిజోనాకి 13.5 శాతం, ఎడ్మంటన్ కంటే ఎక్కువ. మెక్‌డేవిడ్ ఎడ్మంటన్‌కి పోయాడు, ఆరిజోనాకి మూడో స్థానం మిగిలింది. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో అందరికంటే పెద్ద పేరు ఆస్టన్ మాథ్యూస్‌ది. ఆరిజోనాలో పెరిగిన కుర్రాడు. ఆ జట్టుకి అంతకంటే మంచి ప్రచారం ఉండేదా? టొరంటోకి పోయాడు, ఆరిజోనా ఏడో స్థానంలో ఎంచుకుంది. ఆ నేల మీద ఉన్నన్నాళ్లూ ఆ జట్టుకి మొదటి స్థానం ఒక్కసారీ రాలేదు. చివరికి 2024లో జట్టు సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయింది. బంతుల్ని ఆడించగల లీగ్ తన చేత్తో పెంచిన జట్టుని అలా పోనిస్తుందా?

ఈ వాదనలో అసలు లోపం ఇంకొకటి. న్యూయార్క్ గెలిస్తే పెద్ద ఊరు, డబ్బు కోసం అంటారు. 2005లో పిట్స్‌బర్గ్‌కి సిడ్నీ క్రాస్బీ దొరికితే కష్టాల్లో ఉన్న జట్టుని కాపాడటానికి అంటారు. ఎడ్మంటన్ అంత పెద్ద ఊరూ కాదు, 2015లో మునిగిపోతున్న జట్టూ కాదు, అయినా దానికీ ఏదో కారణం అల్లుతారు. ఎవరు గెలిచినా సరిపోయే కారణం ఏ గెలుపుకీ రుజువు కాదు. 2005 సంగతే తీసుకోండి. లాకౌట్ వల్ల, అంటే ఆటగాళ్లతో ఒప్పందం కుదరక యజమానులు ఆటలు ఆపేయడం వల్ల, సీజనే జరగలేదు కాబట్టి మొత్తం 30 జట్లకీ కలిపి 48 బంతులు పంచారు. అత్యధికంగా మూడేసి బంతులు నాలుగు జట్లకి దక్కాయి: పిట్స్‌బర్గ్, బఫెలో, కొలంబస్, న్యూయార్క్ రేంజర్స్. ఒక్కోదానికి 6.25 శాతం. డబ్బే ముఖ్యమైతే సమాన అవకాశం ఉన్న న్యూయార్క్ అక్కడే ఉంది కదా.

2020 సంగతి రెండు మాటల్లో. కోవిడ్ వల్ల డ్రా రెండు విడతలైంది. మొదటి విడతలో ఇంకా తేలని ఎనిమిది జట్లకి బదులు ఎ, బి, సి లాంటి అక్షరాలు పెట్టారు. వాటిలో ఏదో ఒకటి గెలిచే అవకాశం 24.5 శాతం, గెలిచింది. రెండో విడతలో ఎనిమిదింటికీ సమానంగా 12.5 శాతం. న్యూయార్క్ రేంజర్స్‌కి తగిలింది, లఫ్రెనియేర్ అలా వచ్చాడు. "లీగ్ ముద్దుబిడ్డలు" అని పిలుచుకునే టొరంటో, పిట్స్‌బర్గ్, ఎడ్మంటన్ అదే ఎనిమిదిలో ఉండి ఓడిపోయాయి.

చికాగో దగ్గర మాత్రం కోపానికి అర్థం ఉంది. 2010లో తమ ఆటగాడి మీద జరిగిన లైంగిక దాడి ఆరోపణని తొక్కిపట్టినందుకు 2021లో ఆ జట్టుకి 20 లక్షల డాలర్ల జరిమానా పడింది. డ్రాఫ్ట్ హక్కులేవీ పోలేదు. డ్రాఫ్ట్‌కి రాబోయే కుర్రాళ్లకి ముందుగా శారీరక పరీక్షలు పెట్టి నిబంధన మీరినందుకే ఆరిజోనా 2020 రెండో రౌండ్, 2021 మొదటి రౌండ్ హక్కులు పోగొట్టుకుంది. ఈ తేడా అన్యాయం, నేనూ గట్టిగానే అంటాను. కానీ అది లీగ్ అందరి ముందూ తీసుకున్న నిర్ణయం. 2023లో 11.5 శాతం అవకాశంతో కానర్ బెడార్డ్ రావడం బంతుల పని. ఈ రెండింటినీ కలపడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే.

"తలుపులు మూసి తీస్తారు. టీవీలో చూపించేది అట్టముక్కలే."

అన్నిట్లోకీ బలమైన ఆరోపణ ఇది. చాలా ఏళ్లు డ్రా వేరే గదిలో జరిగేది, ఆడిట్ సంస్థ మనుషులు దగ్గరుండేవారు, టీవీలో మాత్రం జట్ల గుర్తులున్న కార్డులు ఒక్కొక్కటే తిప్పేవారు. కార్యక్రమం రక్తికట్టాలని అలా చేశారు. దానివల్ల అనుమానం పెరిగింది, తప్పు లీగ్‌దే.

2025లో ఆ పద్ధతి మారింది. మే 5న న్యూజెర్సీలోని సెకాకస్ స్టూడియోలో బంతులు ప్రత్యక్ష ప్రసారంలోనే తీశారు. ఒక్కో బంతి బయటికి వస్తుంటే ఏ జట్టుకి ఎంత అవకాశం మిగిలిందో తెర మీద మారుతూ కనిపించింది. ఏమైంది? కింది నుంచి పదో స్థానంలో ఉన్న, 3.5 శాతమే అవకాశం ఉన్న న్యూయార్క్ ఐలాండర్స్ మొదటి స్థానానికి ఎగబాకింది. అదే రాత్రి యూటా (సాల్ట్ లేక్ సిటీ జట్టు) 14 నుంచి 4కి వచ్చింది. మూసిన గదిలో జరిగితే మోసమని అరిచే రకం ఫలితమే అందరి కళ్లముందూ వచ్చింది. అయినా "ఇదీ ఫిక్సే" అన్నవాళ్లు ఆ రాత్రే తయారయ్యారు.

"బంతుల్ని ఏమైనా చేయొచ్చు."

చేయొచ్చు. నిజంగా చేశారు కూడా. 1980 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్ర లాటరీలో 4, 6 తప్ప మిగతా అంకెల బంతుల్లోకి రంగు ఎక్కించి బరువు పెంచారు. మూడు యంత్రాల్లోంచీ 6 వచ్చి 666 పడింది. టీవీలో ఆ కార్యక్రమం నడిపే వ్యక్తే సూత్రధారి. 4, 6 అంకెలున్న టికెట్లు ఒక్కసారిగా అసాధారణంగా కొన్నారని బయటపడి, విచారణ జరిగి శిక్షలు పడ్డాయి.

అక్కడ ఒక్కో యంత్రంలో ఏ అంకె రావాలన్నదే ప్రశ్న. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాలో ఏ ఒక్క బంతీ ఏ జట్టుదీ కాదు. ప్రతి అంకే చాలా జట్ల కలయికల్లో ఉంటుంది. ఒక జట్టుని గెలిపించాలంటే దాని పేరున ఉన్న కలయికల్లో ఒకటి నాలుగు బంతులకి నాలుగూ కచ్చితంగా రావాలి. అందుకు బంతులు తయారుచేసేవాళ్లు, కలయికలు పంచేవాళ్లు, ఆడిట్ సంస్థ, గదిలో ఉన్నవాళ్లు అందరూ కలవాలి, కలిసి ముప్పై ఏళ్లు నోరు మూసుకోవాలి. నష్టపోయిన జట్ల యజమానులు కోట్ల డాలర్లు పెట్టినవాళ్లు, ఊరుకునే రకం కాదు. పెన్సిల్వేనియాలో కొందరు కలిసి చేసిన మోసమే బయటపడింది. ఇక్కడ తూకం తేడా ఉన్న బంతి గానీ, లోపలి మనిషి సాక్ష్యం గానీ, కోర్టు కాగితం గానీ ఇన్నేళ్లలో ఒక్కటీ బయటికి రాలేదు. అలాంటిది ఎవరి దగ్గరైనా ఉంటే, 2020లో నాలుగో స్థానానికి పడ్డ జట్టు అభిమానిగా ముందుగా అడిగి చూసేది నేనే.