పీసీ గేమింగ్ పనైపోయిందా? వాటాకీ మొత్తానికీ తేడా చూడని లెక్క

"షాపుల్లో గేమ్ డిస్కులు లేవు, గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా గేమర్లను వదిలేసింది, జనం ఫోన్లకు పోయారు, లక్ష పెట్టనిదే కొత్త గేమ్ ఆడదు. పీసీ గేమింగ్ పనైపోయింది." తెగ చలామణీ అవుతున్న వాదన ఇది.

డిస్కుల సంగతి తేలిక. 2004లో హాఫ్‌లైఫ్ 2 డిస్కు కొన్నవాళ్లకు కూడా స్టీమ్ (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) ఖాతా తప్పనిసరి అయింది. అమ్మకం అప్పటినుంచే డౌన్‌లోడ్ వైపు మళ్లింది. స్టీమ్‌లో ఒకే సమయంలో ఉన్నవాళ్లు 2020 మార్చిలో 2 కోట్లు, 2025 మార్చిలో 4 కోట్ల పైన. (అందులో ఎక్కువమంది గేమ్ ఆడకుండా స్టీమ్ తెరిచి వదిలేసినవాళ్లే. ఆ అలవాటు 2020లోనూ ఉంది లెండి.)

అసలు తిరకాసు ఎన్విడియా దగ్గరుంది. 2020 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని గేమింగ్ ఆదాయం 552 కోట్ల డాలర్లు, మొత్తంలో సగం. 2025 జనవరితో ముగిసిన ఏడాదికి ఆ వాటా 9 శాతం లోపుకు పడిపోయింది. ఫార్వర్డు చేసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఆ 9 శాతం విలువ 1,135 కోట్ల డాలర్లు, అంటే రెట్టింపు! డేటా సెంటర్ల వ్యాపారం కొండలా పెరిగితే పక్కనున్నది చిన్నదిగా కనబడింది. ఈ ఐదేళ్లలో నిజంగా పడింది ఒక్కసారి: 1,246 కోట్ల నుంచి 907 కోట్లకు, 2022లో. కొవిడ్ కాలపు కొనుగోళ్లు చల్లారాయి, ఆ సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీని తయారుచేసే మైనింగ్ కూడా ఆగింది.

ఫోన్లదీ వాటా లెక్కే: వాటి వాటా పెరిగినంత మాత్రాన పీసీ సంత చిన్నదైనట్టు కాదు. పీసీ సంత ఎండిపోతుంటే సోనీ 2024 ఫిబ్రవరిలో హెల్‌డైవర్స్ 2 గేమ్‌ను తన ప్లేస్టేషన్‌తో పాటు అదే రోజు పీసీలోనూ ఎందుకు దించుతుంది?

ధర మాట కొంత నిజం. 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీతో ర్యామ్ మండిపోయింది. కానీ 2025లో స్టీమ్ సర్వేలో సగానికి పైగా ఇంకా 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్లే, వాటికి లక్ష అక్కర్లేదు. "ఆడట్లేదు" అన్న సిస్టమ్‌కి కార్డు మార్చేముందు ఇవి చూడండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాక గ్రాఫిక్స్ కార్డుకే ఉందా? ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్కు అయితే బ్యాండ్‌విడ్త్ (ఒకేసారి డేటా పంపే సామర్థ్యం) సగమే. 8 జీబీవి రెండు, నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా 2, 4లో పెట్టాలి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయకపోతే 3200 వేగం ర్యామ్ 2133 దగ్గరే నడవొచ్చు. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద గేమ్ సెట్టింగుల్లో టెక్స్‌చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) అల్ట్రాలో ఉంటే ఒక మెట్టు దించండి. కార్డులోని వీడియో మెమరీ నిండాక మిగతాది సిస్టమ్ ర్యామ్‌లోకి పొర్లుతుంది, ఆ కుదుపులు అక్కడివే.