ఏ జంతువుదో రాయాల్సిందే

రాత్రి ఏడింటికి భోజనం చేసి పడుకున్న మనిషికి పదకొండింటికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. కడుపు మెలిపెడుతుంది, ఊపిరి అందదు. తిని నాలుగు గంటలైంది కాబట్టి తిండి మీద అనుమానం రాదు. అమెరికాలో లోన్‌స్టార్ పిడుదు కరిచిన కొందరికి వచ్చే ఆల్ఫా-గాల్ అలర్జీ తీరు ఇది. ఆల్ఫా-గాల్ ఒక రకం చక్కెర. మేక, గొర్రె, పంది, ఆవు మాంసంలో ఉంటుంది. కోడిలో, చేపలో ఉండదు. 2010-2022 మధ్య 1,10,000కు పైగా అనుమానిత కేసులు బయటపడ్డాయని, బాధితులు 4,50,000 దాకా ఉండొచ్చని అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో చెప్పింది.

వీళ్లు మటన్ మానేస్తారు, అది కళ్లకు కనిపించేదే. టెన్షనంతా ప్యాకెట్లతో. మార్ష్‌మాలోలో, గమ్మీ బిళ్లల్లో, మందుల క్యాప్సూళ్లలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. ఉడికించి మెదిపిన బీన్స్ డబ్బాలో పంది కొవ్వు కలిసి ఉండొచ్చు. తిండిలో, మందుల్లో కలిపే గ్లిజరిన్‌ను, మెగ్నీషియం స్టియరేట్‌ను మొక్కల నుంచీ తీస్తారు, జంతువుల కొవ్వు నుంచీ తీస్తారు. ఎక్కణ్నుంచి తీశారో చాలా లేబుళ్లు చెప్పవు. అన్నిటికంటే అన్యాయం 'నేచురల్ ఫ్లేవర్స్' అన్న రెండు మాటలు. అమెరికా నిబంధనల ప్రకారం మాంసం నుంచి తీసిన రుచులు కూడా ఆ పేరు కిందికే వస్తాయి. ప్రాణం మీదికి వచ్చే సంగతిని ఇలా కప్పిపెట్టడాన్ని మేం ఒప్పుకోం.

అక్కడి చట్టం తొమ్మిది అలర్జీ కారకాలను లేబుల్ మీద పేరుపెట్టి చెప్పమంటుంది. తొమ్మిదోదిగా నువ్వులు 2023 జనవరి నుంచి చేరాయి. క్షీరదాల పదార్థాలనూ అలాగే చేర్చాలి.

ఆకుపచ్చ చుక్క చూసి కొనే అలవాటుతో అమెరికా వెళ్లిన మనవాళ్లు ఒకటి గమనించాలి. ఇక్కడి ప్యాకెట్ల మీద ఆ చుక్క ఉన్నా ఈ అలర్జీకి పూర్తి భరోసా కాదు. పాలు, నెయ్యి కలిసినవాటికీ ఆకుపచ్చే వేస్తారు, కానీ బాధితుల్లో కొందరికి పాలు కూడా పడవు. గోధుమరంగు త్రికోణం ఉన్న గుడ్డు మాత్రం ఈ అలర్జీకి అడ్డు కాదు. పదార్థం మొక్కదా, జంతువుదా అన్నది తయారీదారులు పూర్తిగా వెల్లడించాలని ఢిల్లీ హైకోర్టు 2021లోనే ఆదేశించింది. ఏ జంతువుదో కూడా రాయాలన్నది మా డిమాండ్.

చట్టం మారేలోగా, కొన్న ప్రతిసారీ లేబుల్ మళ్లీ చదవాల్సిందే, తయారీ మారి ఉండొచ్చు. అనుమానం ఉంటే కంపెనీకి ఫోన్ చేయండి. 'నాన్‌వెజ్జా?' అని అడిగితే సరిపోదు. 'ఆవు, పంది, గొర్రె నుంచి తీసినది ఏదైనా ఇందులో ఉందా?' అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే ఆ ప్యాకెట్ కొనొద్దు.