సవరణ: ఫోరెన్సిక్ సైకాలజీ పోస్టులో నా తప్పులు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మన తెలుగు పిల్లల కోసం మొన్న ఫోరెన్సిక్ సైకాలజీ (నేరాలు, కోర్టు కేసుల్లో మనస్తత్వశాస్త్రాన్ని వాడటం) చదువు గురించి రాశాను కదా, అందులో రెండు తప్పులు దొర్లాయి. బరంపురంలో వకీలుగా ఉన్న మా బావగారు ఫోన్ చేసి మరీ వాయించారు.

మొదటిది పెద్ద తప్పే. లై డిటెక్టర్ పెట్టి నేరస్థుణ్ని పట్టించడమే ఈ ఉద్యోగం అన్నాను. కాదు. మనిషి ఒప్పుకోకుండా పాలిగ్రాఫ్ (అదే లై డిటెక్టర్), నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు స్పందనలు కొలవడం) చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం అయిపోదు. దాన్ని పట్టుకుని తర్వాత కనుక్కున్న వస్తువునో సమాచారాన్నో అయితే కోర్టు తీసుకోవచ్చు. ల్యాబుల్లో ఈ పరీక్షల ఉద్యోగాలు ఉన్నమాట నిజమే. కానీ ఈ పనిలో ఎక్కువ భాగం కూర్చుని మాట్లాడటం, ఓపిగ్గా రిపోర్టు రాయడం. ఉదాహరణకు, 16 నిండి 18 నిండని పిల్లవాడిపై ఘోర నేరం ఆరోపణ వస్తే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ఆ పిల్లవాడి మానసిక సామర్థ్యాన్ని, పర్యవసానం అర్థం చేసుకోగలడా అన్నదాన్ని అంచనా వేయాలి. అందుకు సైకాలజిస్టు సాయం తీసుకోవచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మన వైపు పిల్లాణ్ని ఏ భాషలో అడిగారన్నదీ చూసుకోవాలి మరి.

రెండోది, ఎం.ఏ. సైకాలజీ ఉంటే క్లినికల్ సైకాలజిస్టు అయిపోవచ్చన్నాను. చాలదు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ చేసుకోవాలి. మందులు రాసే సైకియాట్రిస్టుది ఎంబీబీఎస్ దారి, అది వేరు.