సవరణ: కూరగాయల సూప్‌లో నీళ్లు, కార్న్‌ఫ్లోర్

మొన్న రాసిన కూరగాయల సూప్‌లో రెండు తప్పులు దొర్లాయి. నలుగురికి రెండు గ్లాసుల నీళ్లు అన్నాను, నాలుగు పోయాలి. శ్రీకాకుళంలో మా పిన్ని నేను రాసినట్టే చేసి, "ఇది సూపా, చోడి అంబలా? గరిటె నిలబడిందిరా!" అని ఫోన్ చేసింది.

రెండోది, మరిగే సూప్‌లో కార్న్‌ఫ్లోర్ నేరుగా చల్లమన్నాను. చల్లితే ఉండలు కడుతుంది. వేడికి పైపిండి వెంటనే ఉబ్బి జిగురు పొరలా మూసుకుంటుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. చెంచా పిండిని పావు గ్లాసు చన్నీళ్లలో కలిపి, సన్నమంట మీద తిప్పుతూ పోయండి. నన్నడిగితే అదీ అక్కర్లేదు, గుప్పెడు పెసరపప్పు ఉడికించి మెదిపి వేస్తే చిక్కదనం అదే వస్తుంది.

క్యారెట్, బీన్స్, క్యాబేజీ కొలతలు మాత్రం మారలేదు.